డెల్టాలో పుట్టి ఇంటర్నేషనల్ ఇన్వెస్ట్‌మెంట్, ఫైనాన్షియల్ రిస్క్ పీజీ చదవడం ఎలా

భీమవరంలోనో అమలాపురంలోనో బీకామో బీఎస్సీయో అయిపోయి, ఇంటర్నేషనల్ ఇన్వెస్ట్‌మెంట్ అండ్ ఫైనాన్షియల్ రిస్క్ మేనేజ్‌మెంట్ అనే మాస్టర్స్ ఒకటి కంటపడి, ఇదేదో బాగుందే గానీ మనవల్ల అవుద్దా అని ఆలోచిస్తున్న వాళ్ళ కోసం రాస్తున్నా. ఇదంతా న్యూయార్కు లండన్ల యవ్వారం, మనకెక్కడ అందుద్ది అనుకుంటారు చాలామంది. ఉండి, కాళ్ళ, ఆకివీడు రొయ్యల చెరువుల మీద తిరిగినోళ్ళకి ఇందులో సగం ముందే తెలుసండి, పుస్తకంలో పేర్లే తెలీవు. వంద కౌంటు (కిలోకి వంద తూగే రొయ్య) రేటు పది రూపాయలు పడిందంటే కారణం అమెరికాలో ఉందని గట్టు మీద కూర్చున్న రైతు కూడా చెప్తాడు. మీరు కొత్తగా నేర్చుకోవాల్సింది ఆ పది రూపాయల్లో డాలర్ వాటా ఎంత, సుంకం వాటా ఎంత, రొయ్యలు ప్రాసెస్ చేసే ప్లాంటు వాళ్ళు తగ్గించుకున్న మార్జిన్ ఎంత అని విడదీయడం, చివరికి ఆ నష్టం ఎవరి జేబులోంచి పోయిందో పట్టుకోవడం. కోర్సు ఏదైనా, యూనివర్సిటీ ఏదైనా, తిప్పి తిప్పి అడిగేది ఇదే, రిస్క్ ఎవరి దగ్గర మొదలై ఎవరి మీద పడుతోంది అని.

1. పేరు వదిలేసి సిలబస్ విప్పండి

కోర్సు పేర్లు ఎవరికి నచ్చినట్టు వాళ్ళు పెట్టుకుంటారు. ఒకచోట ఎంఎస్సీ ఫైనాన్షియల్ రిస్క్ మేనేజ్‌మెంట్, ఇంకోచోట ఎంఏ ఫైనాన్షియల్ ఎకనామిక్స్, లోపల చాలావరకు ఒకటే సరుకు. ఒక్కచోట మాత్రం జాగ్రత్త, ఇంటర్నేషనల్ ఇన్వెస్ట్‌మెంట్ అనేది లా డిపార్ట్‌మెంట్ వాళ్ళు పెట్టిన కోర్సైతే అది పూర్తిగా వేరే చదువు, దేశాల మధ్య ఒప్పందాలు, ఆర్బిట్రేషన్ కేసులు, అంటే రవ్వ ఫీల్డ్ వల్ల మనకి పేరు తెలిసిన కెయిర్న్ వాళ్ళు ఇండియా మీద ట్యాక్స్ గొడవలో 2020 డిసెంబర్‌లో 120 కోట్ల డాలర్ల పరిహారం తీర్పు గెలిచారు చూడండి, అలాంటివన్నమాట. మంచి సబ్జెక్టే, కాకపోతే బ్యాంకు ట్రెజరీలో (బ్యాంకు సొంత డబ్బు, బాండ్లు, డాలర్లు చూసుకునే విభాగం) ఉద్యోగం చేద్దామనుకునే వాళ్ళకి పనికొచ్చేది కాదు.

డెరివేటివ్స్ (ఫ్యూచర్స్, ఆప్షన్స్ లాంటి కాంట్రాక్టులు), ఫిక్స్‌డ్ ఇన్‌కమ్ (బాండ్లు), ఎకనామెట్రిక్స్ (ఆర్థిక డేటా మీద స్టాటిస్టిక్స్), క్రెడిట్ రిస్క్ (ఇచ్చిన అప్పు తిరిగి రాకపోవడం), ఈ నాలుగూ విడివిడి పేపర్లుగా ఉన్నాయా లేదా చూడండి. నాలుగింటినీ ఒకే పేపర్లో కుక్కేసి మిగతాదంతా లీడర్‌షిప్, స్ట్రాటజీ అని నింపేస్తే అది రిస్క్ కోర్సు కాదు, ఎంబీఏకి తొడిగిన కొత్త చొక్కా.

ఇండియాలో అయితే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ ఫైనాన్షియల్ ఎకనామిక్స్ ఉంది, సీయూఈటీ పీజీ అనే ఎంట్రన్స్ రాయాలి. చెన్నైలో మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఉంది, లెక్కలు గట్టిగా చేయిస్తారు. ఐఐఎఫ్‌టీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్) కాకినాడ క్యాంపస్ 2022లో మొదలైంది, ట్రేడ్ వైపు ఇష్టం ఉన్నోళ్ళు ఊరు వదలకుండానే అక్కడ ఏ ప్రోగ్రాములు నడుస్తున్నాయో వెళ్ళి కనుక్కోవచ్చు. గుజరాత్‌లోని గిఫ్ట్ సిటీలో డీకిన్, వొలొంగాంగ్ అనే ఆస్ట్రేలియా యూనివర్సిటీలు క్యాంపస్‌లు పెట్టాయి. యూకేలో మాస్టర్స్ ఏడాదే, మామూలుగా 180 క్రెడిట్లు, అందులో 60 దాకా డిసర్టేషన్‌కే (చివర్లో రాసే పరిశోధన వ్యాసం) పోతాయి, అంటే మీరు వెళ్ళి చలికి అలవాటు పడేలోపు పరీక్షలొచ్చేస్తాయి. జర్మనీలో పబ్లిక్ యూనివర్సిటీల్లో ఫీజు చాలాచోట్ల నామమాత్రం, కానీ మన డిగ్రీలు అసలైనవేనని చూసి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ ముందు తెచ్చుకోవాలి, బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాది ఖర్చు ముందే వేసి చూపించాలి.

రాజమండ్రి నన్నయలో ఎంకామో ఎంబీఏనో చేస్తూ పక్కన ఎఫ్‌ఆర్‌ఎం (ఫైనాన్షియల్ రిస్క్ మేనేజర్ అనే సర్టిఫికెట్ పరీక్ష) రాయడం కూడా ఒక దారే, దాన్ని తక్కువ చేసి చూడకండి, ఖర్చుకి తగ్గ ఫలితం చూస్తే నా లెక్కలో చాలామందికి అదే మేలు.

2. డబ్బు సంగతి, మీ మొదటి కేస్ స్టడీ మీ ఎడ్యుకేషన్ లోన్

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే రిస్క్ మేనేజ్‌మెంట్ చదవడానికి వెళ్తూ సొంత రిస్క్ లెక్కేసుకోని వాళ్ళే ఎక్కువ.

మన దగ్గర ఇంట్లో మొదట వచ్చే మాట పొలం ఉందిగా, దాని మీద తెద్దాం అని. అక్కడే చిక్కు. విదేశీ చదువుకి లోన్ 7.5 లక్షలు దాటితే మామూలుగా బ్యాంకులు తనఖా అడుగుతాయి, తనఖాగా ఇల్లో టౌన్లో సైటో ఎఫ్‌డీయో ఇష్టపడతాయి గానీ వ్యవసాయ భూమి అంటే మొహం తిప్పుకుంటాయి. కారణం 2002 నాటి సర్ఫేసీ చట్టం, బాకీ ఎగ్గొడితే కోర్టుకి వెళ్ళకుండా ఆస్తి వేలం వేసుకునే హక్కు బ్యాంకులకి ఇచ్చింది ఆ చట్టమే, అందులో సెక్షన్ 31 వ్యవసాయ భూమిని పక్కన పెట్టేసింది. కాబట్టి కోట్లు పలికే ఐదెకరాలు ఉన్నాయన్నా బ్యాంకు మేనేజర్ పాలకొల్లులో ఉన్న పాత డాబా కాగితాలు అడుగుతాడు. కోపం తెచ్చుకోకుండా ఇందులో పాఠం చూడండి, తనఖా విలువ అంటే దాని రేటు కాదు, బాకీ తీరనప్పుడు ఎంత తొందరగా ఎంత తక్కువ గొడవతో డబ్బు చేసుకోవచ్చన్నది. క్రెడిట్ రిస్క్ పేపర్లో లాస్ గివెన్ డిఫాల్ట్ అని వస్తుంది, అది ఇదే.

రెండోది కరెన్సీ. ఫీజు 24,000 పౌండ్లు అనుకోండి, లోన్ శాంక్షన్ అయ్యింది రూపాయల్లో. పౌండు 108 ఉన్నప్పుడు 25.92 లక్షలు సరిపోతుంది, మీరు రెండో వాయిదా కట్టేనాటికి 118 అయిందనుకోండి, మొత్తం ఆ రేటుకే లెక్కేస్తే 28.32 లక్షలు. తేడా 2.4 లక్షలు, దానికి ఎవరూ శాంక్షన్ ఇవ్వలేదు. అందుకని అప్లై చేసేటప్పుడే ఇవాల్టి రేటు మీద పది శాతం కలిపి లోన్ అడగండి, వాడకపోతే తీసుకోవద్దు, వడ్డీ తీసుకున్నదాని మీదే కదా. మొదటి ఏడాది ఇక్కడ వచ్చే దాళ్వా డబ్బుల మీద ఆధారపడి పౌండ్లలో బాకీ పెట్టుకోవడం అంటే ఆస్తి ఒక కరెన్సీలో అప్పు ఇంకో కరెన్సీలో, దీన్నే కరెన్సీ మిస్‌మ్యాచ్ అంటారు, 1997లో థాయ్‌లాండ్ కంపెనీలు మునిగింది దీని వల్లే. అదే మీరు అక్కడే ఉద్యోగం తెచ్చుకుని పౌండ్లలో సంపాదిస్తే రూపాయి పడిపోవడం మీకు లాభం. ఒకే మనిషికి ఏడాది తేడాలో రిస్క్ దిశ మారిపోయింది చూశారా.

మూడోది వడ్డీ. చాలావరకు ఎడ్యుకేషన్ లోన్లు ఫ్లోటింగే, రెపో రేటు (ఆర్బీఐ బ్యాంకులకి అప్పిచ్చే రేటు) కదిలితే మీ వాయిదా కదులుద్ది. చదువుకునే కాలం, ఆ తర్వాత ఏడాది కట్టక్కర్లేదు అంటారు గానీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది, 20 లక్షల మీద పదిన్నర శాతం అంటే సాదా వడ్డీ లెక్కే రెండేళ్ళకి 4.2 లక్షలు. కుదిరితే ఆ వడ్డీ ఎప్పటికప్పుడు ఇంటి దగ్గర కట్టించేయండి.

యూకే వీసాకి ఫండ్స్ 28 రోజులు అకౌంట్‌లో కదలకుండా ఉండాలి, కాబట్టి చెరువు పట్టుబడి డబ్బులు వచ్చాక వేద్దాంలే అనుకుంటే వైరస్ కొట్టి ముందే పట్టేయాల్సి వచ్చిందనుకోండి, సీటు పోద్ది. బ్యాంకు లోన్ నుంచి డైరెక్ట్‌గా కట్టే ఫీజు మీద టీసీఎస్ (విదేశానికి డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) పడదు, సొంత డబ్బు ఏడాదికి 10 లక్షలు దాటితే పడుతుంది, అది రిటర్న్ వేసినప్పుడు తిరిగి వస్తుంది గానీ అప్పటిదాకా చేతిలో ఉండదు. అదొక చిన్న లిక్విడిటీ రిస్క్ అనుకోండి.

3. క్లాసులు మొదలయ్యేలోపు లెక్కలు

బీకాం వాళ్ళు భయపడేది ఇక్కడే. కావాల్సింది ఐఐటీ లెక్కలు కాదండి. లాగ్, ఎక్స్‌పొనెన్షియల్ అంటే ఏంటో తెలియాలి, కాల్క్యులస్‌లో డెరివేటివ్ తీయడం రావాలి, రెండు మ్యాట్రిక్సులు గుణించడం రావాలి, మీన్, వేరియన్స్, కోరిలేషన్, రిగ్రెషన్ నిద్రలో అడిగినా చెప్పాలి. స్వయంలో ఎన్‌పీటెల్ క్లాసులు ఫ్రీ. రోజుకి గంటన్నర చొప్పున వేసవి సెలవలు సరిపోతాయి.

ఆ తర్వాత ఎక్సెల్, ఎక్సెల్ తర్వాతే పైథాన్. ఈ వరస తిప్పకండి, ఎక్సెల్లో చేత్తో చేయని లెక్కని పైథాన్లో కాపీ కొడితే ఆన్సర్ వస్తుంది గానీ అది తప్పో ఒప్పో మీకు తెలీదు. మొదటి పని ఇది, రెండేళ్ళ డాలర్ రేటు ఎఫ్‌బీఐఎల్ (ఫైనాన్షియల్ బెంచ్‌మార్క్స్ ఇండియా) సైట్ నుంచి దించుకోండి, రోజువారీ మార్పు శాతంలో తీయండి, స్టాండర్డ్ డీవియేషన్ కట్టండి. అంతే, మీ మొదటి వొలటిలిటీ (రేటు ఎంత ఊగుతోంది) లెక్క అయిపోయింది.

4. రోజూ ఒక పేజీ

ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి. డాలర్ రేటు, పదేళ్ళ ప్రభుత్వ బాండ్ ఈల్డు (ఇవాల్టి ధరకి కొంటే వచ్చే రాబడి శాతం), బ్రెంట్ క్రూడ్, మన ఊరి వంద కౌంటు ముప్ఫై కౌంటు రేట్లు, అంబాజీపేట కొబ్బరి రేటు రోజూ రాయండి. పక్కన ఒక్క వాక్యం, ఇవాళ ఏది ఎందుకు కదిలిందో. మొదట్లో అన్నీ తప్పే రాస్తారు, ఫర్లేదు, తేదీ ఉంటుంది కాబట్టి తర్వాత తిరగేసి చూసుకోవచ్చు.

ఉదాహరణకి ఒకటి చేసి చూపిస్తా. 2022-23లో ఇండియా సీఫుడ్ ఎగుమతులు 63,969 కోట్ల రూపాయలు, డాలర్లలో 809 కోట్లు. 2023-24లో 60,523 కోట్ల రూపాయలు, డాలర్లలో 738 కోట్లు. ఇవి ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) లెక్కలు. ఇప్పుడు రూపాయల్ని డాలర్లతో భాగించండి, మొదటి ఏడాది సగటు రేటు దాదాపు 79, రెండో ఏడాది 82 వస్తుంది. డాలర్లలో చూస్తే ఎగుమతి దాదాపు 9 శాతం పడింది, రూపాయల్లో చూస్తే ఐదున్నర శాతం కూడా పడలేదు. మధ్యలో ఉన్న తేడా అంతా రూపాయి బలహీనపడటం వల్ల వచ్చిన దిండు. పేపర్లో రూపాయల లెక్క చదివినోడు పర్లేదులే అంటాడు, డాలర్ల లెక్క చదివినోడు కంగారు పడతాడు. ఇంటర్నేషనల్ ఇన్వెస్ట్‌మెంట్ పేపర్లో రిటర్న్‌ని రెండుగా విడగొట్టడం అని ఒక చాప్టర్ వస్తుంది, విదేశీ షేరు ఎంత పెరిగింది, ఆ దేశం కరెన్సీ ఎంత కదిలింది అని. రొయ్యల మీద చేసిన లెక్కే అది.

రాజోలు, నరసాపురం వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు కదా, దాని మీద కూడా చూడండి. యూఏఈ దిర్హామ్ 1997 నుంచి డాలర్‌కి 3.6725 దగ్గర కట్టేసి ఉంది, సౌదీ రియాల్ 3.75 దగ్గర. అంటే దుబాయ్ నుంచి వచ్చే డబ్బులో ఉన్న రిస్క్ నిజానికి డాలర్ రిస్కే. కువైట్ దినార్ మాత్రం 2007 నుంచి ఒక కరెన్సీల బుట్టకి కట్టి ఉంది, ఏ కరెన్సీ ఎంతో బయటికి చెప్పరు. ఇంట్లో ఒకరు దుబాయ్‌లో ఇంకొకరు కువైట్లో ఉంటే ఆ కుటుంబానికి రెండు కరెన్సీల పోర్ట్‌ఫోలియో ఉన్నట్టే, అయితే రెండూ చాలావరకు కలిసే కదులుతాయి కాబట్టి డైవర్సిఫికేషన్ (రిస్క్ నాలుగు చోట్లకి పంచుకోవడం) పెద్దగా లేదు.

5. ఫార్వర్డ్ రేటు, హెడ్జింగ్: ఇక్కడ తొందరపడొద్దు

ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునే చోటు ఇది. ఫార్వర్డ్ రేటు (ముందు తేదీకి ఇచ్చే డాలర్‌కి ఇవాళే ఖాయం చేసుకునే రేటు) అంటే రేపు డాలర్ ఎంత ఉంటుందో బ్యాంకు జోస్యం చెప్తోంది అనుకుంటారు. కాదు. ఇవాళ డాలర్ 85, ఇక్కడ ఏడాది వడ్డీ ఆరున్నర, అమెరికాలో నాలుగున్నర అనుకోండి. 85ని 1.065తో గుణించి 1.045తో భాగిస్తే 86.63. ఏడాది ఫార్వర్డ్ రేటు ఇంచుమించు అంతే ఉండి తీరాలి, లేకపోతే ఒకచోట అప్పు తెచ్చి ఇంకోచోట వేసి రిస్క్ లేకుండా లాభం కొట్టేస్తారు. ఇందులో జోస్యం ఏమీ లేదు, రెండు వడ్డీల తేడా తప్ప. ఇది మీకు నిజంగా అర్థమైందా లేదా తెలుసుకోవడానికి ఒకటే పరీక్ష, మీ బాబాయికి తెలుగులో చెప్పండి. ఆయన "అయితే ఏడాదికి డాలర్ 86 దాటుద్దంటావా?" అంటాడు. "దాటుద్దో లేదో నాకు తెలీదు బాబాయ్, ఎగుమతి చేసేవాడు ఇప్పుడే ఆ రేటు ఖాయం చేసుకోవచ్చు అంటున్నా, అంతే" అని మీరు తడుముకోకుండా చెప్పగలిగితే చాప్టర్ వచ్చినట్టు.

తర్వాత హెడ్జ్, అంటే ఒకవైపు నష్టం వస్తే ఇంకోవైపు లాభంతో సరిపోయేలా ముందే కట్టుకోవడం. కాకినాడ నుంచి రొయ్యల కంటైనర్ పంపినోడికి మూడు నెలల తర్వాత లక్ష డాలర్లు రావాలి. అతని భయం రూపాయి బలపడుతుందేమో అని, దిగుమతిదారుడి భయానికి ఉల్టా. ఎన్ఎస్ఈలో డాలర్ ఫ్యూచర్స్ (ముందు తేదీకి డాలర్లు కొనే, అమ్మే ఎక్స్‌చేంజి కాంట్రాక్టులు) 2008లో మొదలయ్యాయి, ఒక లాటు 1,000 డాలర్లు, కాబట్టి వంద లాట్లు 85కి అమ్మాడు. పుస్తకం ప్రకారం అతను సేఫ్. ఇప్పుడు రూపాయి పడి డాలర్ 87 అయింది. కంటైనర్ మీద అతనికి రెండు లక్షలు ఎక్కువొస్తాయి, నిజమే, కానీ అది మూడు నెలల తర్వాత మాట. ఫ్యూచర్స్ మీద పోయిన రెండు లక్షలు మాత్రం ఏ రోజుది ఆ రోజు బ్రోకర్‌కి కట్టాలి. మేత బాకీలు, ఐస్ ప్లాంటు బాకీలు మీద ఉన్నప్పుడు ఆ రెండు లక్షలు ఎక్కణ్ణించి తెస్తాడు? హెడ్జ్ కరెక్టే, మనిషి మునిగిపోయాడు. 1993లో జర్మనీలో మెటల్‌గెసెల్‌షాఫ్ట్ అనే పెద్ద కంపెనీ ఆయిల్ మీద సరిగ్గా ఇలాగే దెబ్బతింది. అందుకే చాలామంది ఎగుమతిదారులు ఫ్యూచర్స్ జోలికి పోకుండా బ్యాంకులో ఫార్వర్డ్ చేస్తారు, దాని రేటు కాస్త తక్కువొచ్చినా రోజువారీ నగదు గోల ఉండదు కాబట్టి. పరీక్షలో హెడ్జ్ రేషియో (రావాల్సిన డబ్బులో ఎంతకి హెడ్జ్ చేయాలనే లెక్క) కట్టేసి వదిలేయకుండా ఈ నగదు సంగతి ఒక పేరా రాయండి, దిద్దేవాళ్ళకి తేడా కనపడుద్ది.

ఇంకోటి, ఏ హెడ్జూ పనిచేయని రిస్కులు కూడా ఉంటాయి. 2023 జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసింది, 2024 సెప్టెంబర్ దాకా ఎత్తలేదు. అప్పుడు కాకినాడ పోర్టు మీద బతికే వాళ్ళలో డాలర్ హెడ్జ్ చేసుకున్నోళ్ళు కూడా ఉండే ఉంటారు, ఏం లాభం, పంపడానికి సరుకుకే పర్మిషన్ లేకపోతే అమ్మిన డాలర్లు ఎక్కణ్ణించి తెస్తారు. పాలసీ రిస్క్ అనే చాప్టర్ థియరీ కదా అని దాటేయకండి.

6. వాల్యూ ఎట్ రిస్క్, అది చెప్పనిది

వాల్యూ ఎట్ రిస్క్ అంటే మామూలు రోజుల్లో నష్టం ఎంత దాటదో చెప్పే నెంబరు. అదే లక్ష డాలర్లు, అంటే 85 లక్షల రూపాయలు తీసుకోండి. రోజువారీ వొలటిలిటీ 0.3 శాతం అనుకుందాం. 99 శాతం నమ్మకానికి 2.33తో గుణించాలి, మొత్తం దాదాపు 59,400 రూపాయలు. పది రోజులకి కావాలంటే పదికి వర్గమూలంతో గుణిస్తే 1.88 లక్షలు. చేత్తో ఓసారి చేసుకోండి, తర్వాత నార్మల్ డిస్ట్రిబ్యూషన్ ఊహ లేకుండా గత 500 రోజుల డేటా వరసలో పెట్టి కింద నుంచి ఐదో చెత్త రోజు చూసి పోల్చండి. రెండు ఆన్సర్లూ తేడా వస్తాయి, ఎందుకు వచ్చాయో రాయడమే అసైన్‌మెంట్.

ఈ 59,400 చెప్పేది వంద రోజుల్లో తొంభై తొమ్మిది రోజులు నష్టం ఇంతలోపే అని. ఆ నూరో రోజు ఎంత పోద్దో ఒక్క ముక్క చెప్పదు. అందుకే దేశాల బ్యాంకు నియంత్రణ సంస్థలు కలిసి పెట్టుకున్న బాసెల్ కమిటీ మార్కెట్ రిస్క్ కొత్త నియమాల్లో దీన్ని పక్కకి జరిపి 97.5 శాతం ఎక్స్‌పెక్టెడ్ షార్ట్‌ఫాల్ తెచ్చింది, అంటే గీత దాటిన రోజుల్లో సగటున ఎంత పోతోంది అని.

నూరో రోజు అంటే ఏంటో కోనసీమ వాళ్ళకి పుస్తకం అక్కర్లేదు. 1996 నవంబర్ 6 రాత్రి తుపాను. ఒక ఇంటికి కొబ్బరి తోట, వరి, కాస్త చేపల చెరువు ఉన్నాయంటే మామూలు ఏడాదిలో అది మంచి డైవర్సిఫికేషనే, కొబ్బరి రేటు పడినా ధాన్యం ఆదుకుంటుంది. ఆ రాత్రి మూడూ ఒకేసారి పోయాయి. వరి మళ్ళీ సార్వాకి వేసుకోవచ్చు, కొత్తగా నాటిన కొబ్బరి మొక్క దింపుకి రావాలంటే ఏళ్ళు పడుద్ది. మామూలు రోజుల్లో కొలిచిన కోరిలేషన్ సంక్షోభం రోజున పనిచేయదు అనే మాట 1998లో ఎల్‌టీసీఎం అనే అమెరికా హెడ్జ్ ఫండ్ కూలినప్పుడు, 2008లో లేమన్ బ్యాంకు పోయినప్పుడు ప్రపంచమంతా చెప్పుకున్నారు. మీ 500 రోజుల డేటాలో అలాంటి రోజు ఒక్కటి కూడా లేకపోతే మోడల్ దానికి సున్నా మార్కులు వేస్తుంది. కాబట్టి వాల్యూ ఎట్ రిస్క్ పక్కన ఎప్పుడూ స్ట్రెస్ టెస్ట్ ఒకటి పెట్టండి, సీన్ మీరే రాయండి, అమెరికా సుంకం వచ్చింది, అదే నెలలో రూపాయి బలపడింది, అదే నెలలో చెరువుల్లో వైట్ స్పాట్ వైరస్ వచ్చింది, అప్పుడెంత అని. రాసుకున్న నెంబర్లు మరీ జరగనివి అనిపిస్తే, 2020 ఏప్రిల్ 20న అమెరికాలో క్రూడ్ మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసిందని, ఆ దెబ్బకి మన కమాడిటీ ఎక్స్‌చేంజి ఎంసీఎక్స్‌లో బ్యారెల్ మైనస్ 2,884 రూపాయలకి సెటిల్ చేశారని గుర్తు తెచ్చుకోండి. ఆ రోజు దాకా సున్నా కింద రేటు ఎంటర్ చేయడానికి చాలా సాఫ్ట్‌వేర్లలో వీలే లేదు.

7. క్రెడిట్, ఆపరేషనల్, మిగతావి

క్రెడిట్ రిస్క్‌కి రెండు ఇండియన్ కేసులు గట్టిగా చదవండి చాలు, 2018లో అప్పులు కట్టలేక చేతులెత్తేసిన ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే ఇన్‌ఫ్రా ఫైనాన్స్ కంపెనీ, 2020 మార్చిలో యెస్ బ్యాంక్ 8,415 కోట్ల ఏటీ1 బాండ్లు (బ్యాంకు కష్టాల్లో పడితే రద్దు చేయగలిగేవి) సున్నా చేసేయడం. రెండోదాంట్లో మామూలు రిటైర్డ్ మనుషులు ఎఫ్‌డీ లాంటిదే అనుకుని కొన్న బాండ్లు కూడా ఉన్నాయి. వడ్డీ రిస్క్‌కి 2023 మార్చిలో కూలిన అమెరికా సిలికాన్ వ్యాలీ బ్యాంక్. ఆపరేషనల్ రిస్క్ (పనిలో మనుషుల, యంత్రాల తప్పుల వల్ల వచ్చే నష్టం) థియరీ బోర్ కొడితే 2014 జూన్ 27న కోనసీమలో నగరం అనే ఊళ్ళో జరిగిన గ్యాస్ పైప్‌లైన్ పేలుడు మీద వచ్చిన రిపోర్టులు వెతికి చదవండి, ఎవరి పని ఎవరు చేయలేదు అనే ప్రశ్నకి ప్రాణాలతో లెక్క ఉంటుందని తెలుస్తుంది. కంపెనీ రిపోర్టుల వెనకుండే అకౌంటింగ్ నోట్లు చదవడం మాత్రం మానకండి.

8. ఎఫ్‌ఆర్‌ఎం రాయాలా

గార్ప్ అనే సంస్థ పెట్టే ఎఫ్‌ఆర్‌ఎం రెండు పార్టులు. మొదటిది 100 ప్రశ్నలు, రెండోది 80, రెండిటికీ నాలుగేసి గంటలు. మొదటి దాంట్లో మార్కెట్స్ అండ్ ప్రొడక్ట్స్ 30 శాతం, వాల్యుయేషన్ 30, క్వాంట్ 20, ఫౌండేషన్స్ 20. పీజీ సిలబస్‌తో చాలా భాగం కలుస్తుంది కాబట్టి డెరివేటివ్స్ పేపర్ అయిన వెంటనే పార్ట్ వన్ రాసేయండి, ఏడాది ఆగితే మళ్ళీ మొదటికొస్తుంది. రెండు పార్టులూ పాసైనా రెండేళ్ళ ఉద్యోగ అనుభవం చూపిస్తేనే సర్టిఫికెట్ ఇస్తారు, కోచింగ్ సెంటర్ వాళ్ళు ఆ ముక్క చిన్న అక్షరాల్లో వేస్తారు. కాలిక్యులేటర్ వాళ్ళు ఒప్పుకున్న మోడల్సే తీసుకెళ్ళాలి, ముందే కొని వేళ్ళకి అలవాటు చేసుకోండి. సీఎఫ్ఏ అనే ఇంకో సర్టిఫికెట్ పరీక్షకి మూడు లెవెల్స్, అది ఇన్వెస్ట్‌మెంట్ వైపు. రెండూ ఒకేసారి మొదలెట్టొద్దు.

9. డిసర్టేషన్ ఇంటి దగ్గర నుంచే తీసుకెళ్ళండి

అక్కడికెళ్ళాక అందరూ అమెరికా షేర్ల మీద అరిగిపోయిన టాపిక్కే తీసుకుంటారు. మీ దగ్గర వాళ్ళెవరికీ దొరకని సరుకు ఉంది. ఏపెక్స్ ఫ్రోజెన్ ఫుడ్స్ కాకినాడ కంపెనీ, 2017లో లిస్ట్ అయింది, అవంతి ఫీడ్స్‌కి కొవ్వూరులో ప్లాంటు ఉంది. ఇలాంటి లిస్టెడ్ కంపెనీల యాన్యువల్ రిపోర్టుల వెనక ఫారిన్ కరెన్సీ రిస్క్ నోట్ ఉంటుంది, రూపాయి ఇంత శాతం కదిలితే లాభం ఎంత మారుద్ది అని అందులో వాళ్ళే రాయాలి, ఇండ్ ఏఎస్ 107 అనే అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం తప్పనిసరి. ఐదేళ్ళవి దించుకుని పక్కపక్కన పెట్టి, వాళ్ళు చెప్పిన సెన్సిటివిటీకీ షేరు నిజంగా డాలర్‌తో కదిలిన తీరుకీ ఎంత తేడా ఉందో చూస్తే అదే ఒక డిసర్టేషన్.

లేదంటే ఈవెంట్ స్టడీ, అంటే ఒక వార్త వచ్చినప్పుడు షేరు ఎలా కదిలిందో చూడటం. 2025లో అమెరికా ఇండియా సరుకుల్లో చాలావాటి మీద సుంకాన్ని 50 శాతం చేసింది, అమల్లోకొచ్చింది ఆగస్టు 27న. ఆ తేదీ మీద స్టడీ పెడితే ఏమీ దొరకదు, ఎందుకంటే మార్కెట్‌కి విషయం జులై 30న ఒకసారి, ఆగస్టు 6న ఇంకోసారి ముందే తెలిసిపోయింది, షేరు కదిలేది తెలిసిన రోజున. చెరువు గట్టు మీద కూడా అంతే జరుగుద్ది, కంటైనర్ ఓడ ఎక్కకముందే కౌంటు రేటు దిగిపోద్ది.

కమాడిటీ ధరలకి ప్రపంచ బ్యాంకు నెలనెలా ఇచ్చే పింక్ షీట్ ఫ్రీ, అందులో రొయ్యలు, కొబ్బరి నూనె, బియ్యం మూడూ ఉన్నాయి. వడ్డీ రేట్లకి ఆర్బీఐ డేటాబేస్, అమెరికా వైపు సెయింట్ లూయిస్ ఫెడ్ వాళ్ళ ఫ్రెడ్. దొరకనిది ఒకటే, చెరువు దగ్గర రైతుకి నిజంగా పడిన రేటు. అది మీ నోట్‌బుక్‌లో ఉంటుంది, నాలుగో స్టెప్ అందుకే. ఊళ్ళో కమీషన్ వ్యాపారుల పాత చిట్టాలు కూడా అడగండి, పేర్లు రాయనని మాటిచ్చి ఫొటో తీసుకోండి, యూనివర్సిటీ ఎథిక్స్ ఫారం ముందే నింపండి, చివర్లో నింపితే ఒప్పుకోరు.

10. ఉద్యోగం వైపు

మొదటి ఉద్యోగాలు ఎక్కువగా హైదరాబాద్‌లో విదేశీ బ్యాంకుల ఆఫీసుల్లో ఉంటాయి, మోడల్ వాలిడేషన్ (బ్యాంకు వాడే రిస్క్ మోడల్ సరిగ్గా ఉందో లేదో పరీక్షించడం), క్రెడిట్ అనలిటిక్స్, రిపోర్టింగ్ అని. గిఫ్ట్ సిటీ, ముంబైలో బ్యాంకు ట్రెజరీలు, రేటింగ్ కంపెనీలు తర్వాతి మెట్టు. ఎగుమతి కంపెనీల ఫైనాన్స్ ఆఫీసుల్లో కూడా కాకినాడ, భీమవరంలో పని ఉంటుంది, జీతం తక్కువే, కానీ ఆరు నెలలు అక్కడ ఇంటర్న్‌షిప్ చేసినోడికి ఫార్వర్డ్ కాంట్రాక్ట్ కాగితం చేత్తో పట్టుకున్న అనుభవం ఉంటుంది, ఇంటర్వ్యూలో అది తెలిసిపోద్ది. రెజ్యూమెలో రిస్క్ మేనేజ్‌మెంట్ అంటే ఆసక్తి అని రాయకండి, మీరు కట్టిన ఒక ఎక్సెల్ షీట్ పేరు, అందులో ఏ డేటా వాడారు, ఆన్సర్ ఎంత వచ్చింది, ఆ ఆన్సర్ ఎక్కడ పనిచేయదు, ఈ నాలుగూ రెండు లైన్లలో రాయండి. ఇంటర్వ్యూ ముందు రోజు రాత్రి ఆర్బీఐ చివరి పాలసీ స్టేట్‌మెంట్, ఆ రోజు డాలర్ రేటు, పదేళ్ళ ఈల్డు చూసుకుని పడుకోండి, వాటితోనే మొదలెడతారు.